మాంద్యం, నిరుద్యోగం, ప్రభుత్వ సహాయం: మునిర్కా నుంచి ఒక పరిశీలన

పనులు ఆగి, కొనేవాళ్ళు తగ్గి, జీతాలు నిలిచిపోయే కాలాన్ని ఆర్థిక మాంద్యం అంటారు. అలాంటప్పుడు ప్రభుత్వం చేతిలో ఉండే సాధనాలు కొన్నే. తిండిగింజలు ఇవ్వడం, చేతికి డబ్బు ఇవ్వడం, పని చూపించడం, ఉద్యోగం పోయినవారికి కొంతకాలం జీతంలో కొంత భాగం చెల్లించడం, వ్యాపారాలకు అప్పు పుట్టేలా చూడడం. భారతదేశంలో ఇవన్నీ ఏదో ఒక రూపంలో ఉన్నాయి. అయితే వీటిలో ఎక్కువ భాగం మనిషి పేరు మీద కాక చిరునామా మీద నడుస్తాయి. పేరు సొంత ఊరి జాబితాలో, బతుకు మరో ఊళ్ళో ఉన్నవారికి అవి సరిగ్గా అవసరం పడిన రోజునే అందవు. దక్షిణ ఢిల్లీలోని మునిర్కా అలాంటివాళ్ళు వేల సంఖ్యలో అద్దెకుండే పేట. 2020 వేసవిలో ఆ పేటవాళ్ళకు ఏ సహాయం వర్తించింది, ఏది వర్తించలేదు అన్నది అర్థం కావాలంటే మద్రాసు ప్రెసిడెన్సీలో దాదాపు 150 ఏళ్ళ కింద తవ్విన కాలువల దాకా వెనక్కి వెళ్ళాలి.

ఊరు, గదులు, అద్దెలు

మునిర్కా ఒకప్పుడు జాట్ రైతుల ఊరు. టోకస్ ఇంటిపేరు గల కుటుంబాలు అక్కడి పాత కాపులు. స్వాతంత్ర్యం తరవాత రాజధాని దక్షిణానికి పెరుగుతూ వచ్చి ఆ చుట్టుపక్కల పల్లెల పొలాలను ప్రభుత్వ సేకరణ కింద కలిపేసుకుంది. రామకృష్ణాపురం ప్రభుత్వ క్వార్టర్లు, 1969లో మొదలైన జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం అలా వచ్చిన నేల మీద లేచాయి. పొలం పోయిన కుటుంబానికి మిగిలింది లాల్ డోరా లోపలి ఇంటి స్థలం. లాల్ డోరా అంటే రెవెన్యూ పటంలో ఊరి నివాస భాగం చుట్టూ గీసిన ఎర్ర గీత. ఆ గీత లోపలి ఇళ్ళకు 1963 నాటి ఒక ప్రకటన భవన నిర్మాణ అనుమతుల నుంచి మినహాయింపు ఇచ్చింది. దాంతో పాత రైతుల వారసులు అక్కడే నాలుగైదు అంతస్తులు లేపి గదులు అద్దెకివ్వడం మొదలుపెట్టారు. పంట ఆదాయం పోయిన చోట అద్దె ఆదాయం వచ్చింది.

ఆ గదుల్లో ఉండేవాళ్ళు రకరకాలు. హాస్టల్లో చోటు దొరకని పరిశోధక విద్యార్థులు, సివిల్స్‌కు చదివేవాళ్ళు, ఈశాన్య రాష్ట్రాల నుంచి వచ్చి దుకాణాల్లో, కాల్ సెంటర్లలో పనిచేసే యువతీయువకులు, బిహార్, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన సెక్యూరిటీ గార్డులు, వంటవాళ్ళు, ఇంటిపనివాళ్ళు. విశ్వవిద్యాలయంలో చేరిన తెలుగు విద్యార్థులకు కూడా క్యాంపస్ బయట మొదట తెలిసే పేట ఇదే. 2018 మేలో మెట్రో మెజెంటా లైను మీద మునిర్కా స్టేషన్ తెరుచుకుంది. నోటి మాట మీద, నెలనెలా చేతికి ఇచ్చే డబ్బు మీద నడిచే అద్దెలు ఇలాంటి పేటల్లో మామూలే. రాతపూర్వక ఒప్పందం లేకపోతే అద్దె తక్కువ, ఇబ్బంది తక్కువ అని ఇరుపక్షాలూ అనుకుంటాయి. మంచి రోజుల్లో అది నిజమే. చెడ్డ రోజు వచ్చినప్పుడు, ఫలానా మనిషి ఫలానా చోట ఉంటున్నాడని చెప్పే కాగితం ఒక్కటీ ఉండదు.

కరువు పనులు

భారతదేశంలో నిరుద్యోగ సహాయం కర్మాగారాల నుంచి పుట్టలేదు, కరువుల నుంచి పుట్టింది. 1832–33లో గుంటూరు ప్రాంతాన్ని పట్టిన డొక్కల కరువు జిల్లా జనంలో పెద్ద భాగాన్ని మింగింది. అప్పుడు ఈస్టిండియా కంపెనీకి నిర్దిష్టమైన సహాయ పద్ధతి అంటూ లేదు. తరవాతి కాలంలో ధవళేశ్వరం, బెజవాడ ఆనకట్టలు కట్టించడానికి ఆ విషాదం కూడా ఒక ప్రేరణ అయింది.

1876–78 నాటి మహా కరువు మద్రాసు ప్రెసిడెన్సీలో బళ్ళారి, కడప, కర్నూలు, నెల్లూరు జిల్లాలను తీవ్రంగా దెబ్బతీసింది. పంట పోవడంతో పాటు కూలి పోయింది. కూలి పోవడంతో గింజలు కొనే శక్తి పోయింది. ప్రభుత్వం సహాయ పనులు తెరిచింది. మద్రాసు నగరం గుండా సాగే బకింగ్‌హామ్ కాలువలో అడయారు, కూవం నదులను కలిపే భాగం 1877–78లో కరువు కూలీల చేతుల మీదుగా తవ్వినదే. ఆ కాలంలో వైస్రాయి లిట్టన్ పంపిన ప్రతినిధి రిచర్డ్ టెంపుల్ ఖర్చు తగ్గించే పేరుతో మగ కూలీ దినవేతనాన్ని ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాముల గింజలకూ, పైన ఒక అణాకూ కుదించాడు. రోజంతా మట్టి మోసే మనిషికి ఆ తిండి చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ విలియం కార్నిష్ గట్టిగా ఎదిరించాడు. వాదోపవాదాల తరవాత 1877లోనే కొలత పెంచారు. ఆ లోపు లక్షల ప్రాణాలు పోయాయి.

ఈ అనుభవం మీద రిచర్డ్ స్ట్రాచీ అధ్యక్షతన కూర్చున్న కరువు కమిషన్ 1880లో నివేదిక ఇచ్చింది. దాని ఆధారంగా 1883 నుంచి రాష్ట్రాలకు కరువు నియమావళులు వచ్చాయి. పని అడిగి వచ్చిన ప్రతివారికీ పని, ఆరోగ్యం నిలిచేంత కూలి, పని చేయలేనివారికి ఉచిత తిండి. ధరలు ఎంత పెరిగితే, జనం ఎంతమంది ఊళ్ళు విడిస్తే కలెక్టరు ఏం చేయాలో ముందే రాసిపెట్టారు. సామ్రాజ్యం అవసరాల కోసం, పిసినారి చేతులతో రాసినదే అయినా, ఆ నియమావళిలో ఇవాళ్టికీ విలువైన ఆలోచన ఒకటుంది: కష్టకాలం వచ్చాక పథకం ఆలోచించకూడదు, అది అప్పటికే అల్మరాలో సిద్ధంగా ఉండాలి.

1929 తరవాతి ప్రపంచ మాంద్యంలో ఆ ఆలోచన పనికి రాలేదు, ఎందుకంటే ఆ నియమావళి పంట పోతేనే కదిలేది. పంట ఉండి ధర పోయినప్పుడు అందులో జవాబు లేదు. కోస్తా జిల్లాల్లో ధాన్యం ధర పడిపోయి శిస్తు, అప్పు వడ్డీలు మాత్రం పాత లెక్కనే నిలిచాయి. మద్రాసులో రాజాజీ మంత్రివర్గం 1938లో తెచ్చిన రైతు రుణ విముక్తి చట్టం పాత వడ్డీలను రద్దు చేసి కొంత ఊపిరినిచ్చింది. కాని ధరలు పడిపోయిన ఏళ్ళు అప్పటికే గడిచిపోయాయి.

ఖర్చు ఎవరు పెట్టాలి

అదే దశాబ్దంలో అమెరికా వేరే దారి తొక్కింది. 1933 నాటికి అక్కడ నలుగురు కార్మికుల్లో ఒకరికి పని లేదు. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ యువకులను అడవుల పనికి పంపాడు. 1935లో మొదలైన వర్క్స్ ప్రోగ్రెస్ అడ్మినిస్ట్రేషన్ 1943 దాకా సుమారు 85 లక్షల మందికి పని ఇచ్చింది. 1935 నాటి సాంఘిక భద్రతా చట్టం నిరుద్యోగ బీమాకు పునాది వేసింది. 1936లో ఇంగ్లాండులో జాన్ మేనార్డ్ కీన్స్ తన ప్రసిద్ధ గ్రంథంలో దీని వెనక ఉన్న తర్కాన్ని విప్పి చెప్పాడు. ఒకరి ఖర్చే మరొకరి ఆదాయం. అందరూ ఒకేసారి జాగ్రత్తపడి ఖర్చు మానేస్తే అందరి ఆదాయమూ పడిపోతుంది. అప్పుడు అప్పు చేసైనా ఖర్చు పెట్టగలిగింది ప్రభుత్వం ఒక్కటే.

మునిర్కా గల్లీలో ఈ తర్కం చాలా సూటిగా కనిపిస్తుంది. హోటల్ మూతపడితే వంటవాడి జీతం ఆగుతుంది. అతని జీతం ఆగితే అద్దె ఆగుతుంది. అద్దె ఆగితే పొలం లేని ఇంటి యజమాని కిరాణా కొట్టుకు బాకీ పడతాడు. వంటవాడి చేతిలో ప్రభుత్వం పెట్టే రూపాయి ఈ ముగ్గురినీ నిలబెడుతుంది.

ప్రభుత్వ సహాయంలో రెండు రకాలున్నాయి. కష్టం రాగానే ఎవరి ఆదేశమూ లేకుండా దానంతట అదే పెరిగేది ఒకటి. నిరుద్యోగ బీమా, అడిగిన వారికి పని ఇచ్చే చట్టం ఈ కోవలోవి. రెండోది మంత్రివర్గం కూర్చుని అప్పటికప్పుడు ప్రకటించే ప్యాకేజీ. జర్మనీలో మాంద్యం వచ్చినప్పుడు కంపెనీ కార్మికుణ్ణి తీసేయకుండా పనిగంటలు తగ్గిస్తుంది, తగ్గిన గంటల నికర జీతంలో 60 శాతం, పిల్లలున్నవారికి 67 శాతం ప్రభుత్వం భరిస్తుంది. 2009లో, మళ్ళీ 2020లో ఆ దేశంలో ఉద్యోగాలు నిలవడానికి పాత చట్టంలో ఉన్న ఈ ఏర్పాటు ఎంతో తోడ్పడింది. అమెరికా 2020 మార్చి 27న చేసిన చట్టంతో నిరుద్యోగ భృతికి వారానికి అదనంగా 600 డాలర్లు కలిపింది. అంత ఉదారమైన దేశంలో కూడా హెచ్-1బి వీసా మీద ఉన్న తెలుగు ఐటీ ఉద్యోగికి ఉద్యోగం పోతే మామూలుగా ఉండే గడువు 60 రోజులే. పన్నులు కట్టిన దేశంలో భృతి అందడం కష్టం, ఎందుకంటే అతని హక్కులన్నీ ఆ వీసా కాగితానికి కట్టి ఉంటాయి.

బండ్లపల్లి నుంచి

స్వతంత్ర భారతంలో పని ఇవ్వడాన్ని హక్కుగా మొదట చట్టంలో రాసింది మహారాష్ట్ర. 1972–73 కరువులో లక్షలాది మందికి పని చూపిన అనుభవంతో ఆ రాష్ట్రం 1977లో ఉపాధి హామీ చట్టం చేసింది. కేంద్రం మాత్రం పనికి ఆహారం, జాతీయ గ్రామీణ ఉపాధి, జవహర్ రోజ్‌గార్ అంటూ పేర్లు మారుస్తూ పథకాలు నడిపింది. డబ్బు వచ్చినంత కాలం పని, అయిపోతే లేదు. వీటిలో చాలావాటిని కాంట్రాక్టర్లు తినేశారు.

2005లో పార్లమెంటు జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టం చేసింది. ఆ చర్చలో ఆర్థికవేత్త జాఁ ద్రేజ్‌తో పాటు మునిర్కాకు రోడ్డవతల ఉన్న జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం ఆచార్యుల గొంతూ బలంగా వినిపించింది. 2006 ఫిబ్రవరి 2న ప్రధాని మన్మోహన్ సింగ్ ఈ పథకాన్ని అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో ప్రారంభించారు. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటి, వేరుశనగ పోతే బెంగళూరుకు వలసపోయే జిల్లా. మొదట 200 జిల్లాలు, 2008 ఏప్రిల్ నాటికి దేశంలోని గ్రామీణ ప్రాంతమంతా దీని కిందికి వచ్చింది. ఇంటికి ఏడాదికి 100 రోజుల పని. అడిగిన 15 రోజుల్లో పని ఇవ్వకపోతే నిరుద్యోగ భృతి. ఊరికి 5 కిలోమీటర్ల లోపు పని. కాంట్రాక్టర్లకు తావు లేదు.

తెలుగు పల్లెల్లో దీన్ని చాలామంది ఇప్పటికీ కరువు పని అనే అంటారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఈ పథకానికి రెండు గొప్ప అలవాట్లు నేర్పింది. మస్టర్లను, కొలతలను, చెల్లింపులను మొదటి నుంచే కంప్యూటర్‌లోకి ఎక్కించి ఎవరైనా చూడగలిగేలా పెట్టడం ఒకటి. ఊరి యువకులే ఇంటింటికీ తిరిగి మస్టరు చదివి వినిపించి, లెక్క తేడాలను బహిరంగ సభలో నిలదీసే సామాజిక తనిఖీ రెండోది. ఫీల్డ్ అసిస్టెంటు రాసిన పేరున్న మనిషి నిజంగా గుంత తవ్విందా లేదా అని ఊరందరి ముందు అడగడం అప్పటిదాకా ఏ ప్రభుత్వ పథకంలోనూ చూడని విషయం. దొంగ మస్టర్లు పూర్తిగా పోలేదు, కాని అడిగే చోటు ఏర్పడింది.

మాంద్యం దృష్టితో చూస్తే ఈ చట్టం బలమంతా అడిగితే ఇవ్వాలి అన్న ఒక్క మాటలో ఉంది. కష్టం పెరిగితే అడిగేవాళ్ళు పెరుగుతారు, ఖర్చు దానంతట అదే పెరుగుతుంది. కొత్త ప్యాకేజీ ప్రకటించనక్కరలేదు. 1880 నాటి కరువు కమిషన్ కోరుకున్నది ఇదే, ఈసారి మాత్రం దయగా కాక హక్కుగా. అయితే చట్టం పేరులోనే గ్రామీణ అన్న మాట ఉంది. పూర్తిగా పట్టణ జనాభా ఉన్న జిల్లాలకు ఇది వర్తించలేదు. ఢిల్లీలో ఇది అమలు కాలేదు.

2008: బ్యాంకులు, పన్నులు

2008 సెప్టెంబరులో అమెరికాలో లేమన్ బ్రదర్స్ కూలడానికి కొద్ది రోజుల ముందు రిజర్వు బ్యాంకు గవర్నరుగా దువ్వూరి సుబ్బారావు బాధ్యతలు తీసుకున్నారు. అక్టోబరులో 9 శాతం ఉన్న రెపో రేటు 2009 ఏప్రిల్ నాటికి 4.75 శాతానికి దిగింది. కేంద్రం 2008 డిసెంబరు నుంచి 2009 ఫిబ్రవరి లోపు మూడు విడతల ప్యాకేజీలు ప్రకటించి ఎక్సైజ్ సుంకాలు తగ్గించింది. అప్పటికే అమలవుతున్న రైతు రుణమాఫీ, దేశమంతటికీ విస్తరించిన ఉపాధి హామీ పల్లెల్లో కొనుగోలు శక్తిని నిలిపాయి. హైదరాబాదులో అదే శీతాకాలం సత్యం కంప్యూటర్స్ కుంభకోణం, ఐటీ నియామకాల నిలుపుదల జంటగా వచ్చిపడ్డాయి. ఇంజనీరింగు పూర్తి చేసి పిలుపు కోసం ఎదురుచూసిన పిల్లల కోసం ఏ ప్యాకేజీలోనూ ఒక పంక్తి లేదు. పట్నంలో చదువుకున్న నిరుద్యోగి ప్రభుత్వ లెక్కలో కనిపించకపోవడం అప్పటికే అలవాటైపోయింది.

2020: గది లోపల

2020 మార్చి 24 అర్ధరాత్రి నుంచి దేశమంతా లాక్‌డౌన్. ఆ ఏడాది ఏప్రిల్–జూన్ మూడు నెలల్లో దేశ స్థూల ఉత్పత్తి అంతకు ముందటి ఏడాదితో పోలిస్తే దాదాపు నాలుగో వంతు పడిపోయింది. ప్రభుత్వ శ్రామిక సర్వే ప్రకారం పట్టణ నిరుద్యోగం సుమారు 21 శాతానికి చేరింది.

మార్చి 26న కేంద్రం 1.7 లక్షల కోట్ల రూపాయల ప్రధానమంత్రి గరీబ్ కల్యాణ్ ప్యాకేజీ ప్రకటించింది. రేషన్ కార్డులో ఉన్న ప్రతి మనిషికి నెలకు అదనంగా 5 కిలోల ఉచిత గింజలు, మహిళల జన్‌ధన్ ఖాతాల్లో మూడు నెలల పాటు 500 రూపాయలు, ఉజ్వల గ్యాసు బండలు, ఉపాధి కూలి సగటున 182 నుంచి 202 రూపాయలకు పెంపు. గింజల పంపిణీ సుమారు 80 కోట్ల మందికి వర్తించింది. ఆకలి చావులను అడ్డుకోవడంలో దీని పాత్ర చాలా పెద్దది, ఇందులో సందేహం లేదు. అప్పటికే ఉన్న గోదాములు, అప్పటికే ఉన్న చౌకధరల దుకాణాలు, అప్పటికే ఉన్న జాబితాలు, అందుకే అంత వేగంగా కదిలింది.

మునిర్కా గదుల్లో ఉన్న మనిషి కార్డు దర్భంగాలోనో, ఇంఫాల్‌లోనో, మహబూబ్‌నగర్‌లోనో ఉంటుంది. ఢిల్లీలో ఆహార భద్రత చట్టం కింద లబ్ధిదారుల గరిష్ఠ సంఖ్య 2011 జనగణన లెక్కతో సుమారు 72.7 లక్షల దగ్గర ఆగిపోయింది కాబట్టి కొత్త కార్డు దొరకడం కష్టం. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు ఏర్పాటు ప్రయోగంగా మొదలైంది తెలుగు రాష్ట్రాల మధ్యనే. 2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్–తెలంగాణ, గుజరాత్–మహారాష్ట్ర జంటల్లో ఒకచోటి కార్డు మరోచోట చెల్లడం ఆరంభమైంది. ఢిల్లీ అందులో చేరింది 2021 జూలైలో, అదీ అన్ని రాష్ట్రాలూ నెలాఖరులోగా అమలు చేయాలని సుప్రీంకోర్టు ఆదేశించిన తరవాత. అంటే లాక్‌డౌన్ గడిచిన ఏడాదికి పైగా తరవాత. రాష్ట్రాలు ముందే ఒక మాట అనుకుని ఉంటే ఎంతో కష్టం తప్పేది, ఎందుకంటే యంత్రం, పద్ధతి రెండూ అప్పటికే పరీక్షించి ఉన్నాయి.

ఆ లోటు పూడ్చడానికి ఢిల్లీ ప్రభుత్వం బడుల్లో వండిన అన్నం పెట్టే కేంద్రాలు తెరిచింది. కార్డు లేనివారికి ఈ-కూపన్ల మీద గింజలు ఇచ్చింది. ఆటో డ్రైవర్లకు, నమోదైన భవన నిర్మాణ కార్మికులకు 5,000 రూపాయల చొప్పున ఖాతాల్లో వేసింది. కూపన్‌కు ఆధార్ కావాలి, ఫోనుకు ఓటీపీ రావాలి. రీచార్జి చేయించుకోలేని మనిషికి ఆ మెట్టు కూడా ఎత్తే. తెలంగాణ ప్రభుత్వం ఈ విషయంలో సరళమైన దారి ఎంచుకుంది. పొరుగు రాష్ట్రాల వలస కార్మికులకు కార్డుతో సంబంధం లేకుండా మనిషికి 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ప్రకటించింది.

గింజలున్నా అద్దె కట్టాలి. మార్చి 29న కేంద్ర హోంశాఖ విపత్తు నిర్వహణ చట్టం కింద ఒక ఉత్తర్వు ఇచ్చింది. వలస కార్మికుల దగ్గర ఒక నెల అద్దె అడగకూడదు. కార్మికులను గాని విద్యార్థులను గాని బలవంతంగా ఖాళీ చేయించే యజమాని మీద చర్య ఉంటుంది. మునిర్కాలాంటి పేటను దృష్టిలో పెట్టుకుని రాసినట్టే ఉంది ఈ వాక్యం. అదే రోజు ముఖ్యమంత్రి అరవింద్ కేజ్రీవాల్ విలేకరుల ముందు, పేద అద్దెదారు కట్టలేకపోతే ఆ అద్దె ప్రభుత్వం చెల్లిస్తుందని మాట ఇచ్చారు. చెల్లింపు జరగలేదు. కొందరు అద్దెదారులు, ఒక యజమాని కోర్టుకెక్కారు. 2021 జూలై 22న ఢిల్లీ హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం ముఖ్యమంత్రి ఇచ్చిన మాట అమలు చేయదగ్గదేనని, ఆరు వారాల్లో నిర్ణయం తీసుకోవాలని తీర్పు చెప్పింది. ఆ సెప్టెంబరులో ద్విసభ్య ధర్మాసనం ఆ తీర్పును నిలుపుదల చేసింది.

ఆ మాట నిలబెట్టుకుని ఉంటే డబ్బు అద్దెదారు ద్వారా యజమానికి, అక్కడి నుంచి గల్లీ దుకాణాలకు చేరేది. నష్టపోయిన యజమాని కూడా మునిర్కాలో ఒక బాధితుడే. నెల రోజులు అద్దె అడగొద్దని చెప్పి ఆ భారం అతని మీద వదిలేయడం ప్రభుత్వం తన ఖర్చును మరొకరి జేబు నుంచి తీయడమే. ఏప్రిల్ అద్దె ఆగింది గాని పోలేదు, మే నెలలో రెండు నెలల బాకీ అయింది.

గది నిలుపుకోలేనివాళ్ళు ఇంటిదారి పట్టారు. మార్చి 28న ఆనంద్ విహార్ బస్ స్టేషన్ దగ్గర వేలాది మంది గుమిగూడారు. వలస కార్మికుల కోసం మొదటి శ్రామిక్ రైలు కదిలింది తెలుగు నేల మీద నుంచే. 2020 మే 1 తెల్లవారుజామున హైదరాబాదు శివారు లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు సుమారు 1,200 మంది బయలుదేరారు. వారిలో సంగారెడ్డి జిల్లా కందిలో ఐఐటీ హైదరాబాద్ భవనాలు కడుతున్న కూలీలున్నారు. రెండు రోజుల ముందే జీతాల కోసం, ఇంటికి పంపమని వాళ్ళు ఆందోళన చేశారు. ఆగస్టు చివరికి 4,600కు పైగా రైళ్ళలో సుమారు 63 లక్షల మంది సొంత రాష్ట్రాలకు వెళ్ళారు.

ఊరు చేరినవాళ్ళను ఉపాధి హామీ ఆదుకుంది. 2020–21 బడ్జెట్‌లో 61,500 కోట్లు ఉన్న కేటాయింపుకు కేంద్రం మరో 40,000 కోట్లు చేర్చింది. చివరి ఖర్చు సుమారు 1.11 లక్షల కోట్లు. 7.5 కోట్లకు పైగా కుటుంబాలు పని చేశాయి, 389 కోట్ల పనిదినాలు నమోదయ్యాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఆ ఏడాది రోజు కూలి 237 రూపాయలు. ప్రైవేటు పాఠశాల మూతపడిన టీచర్లు తట్ట, పార పట్టుకోవడం ఆ వేసవిలో తెలుగు పల్లెలు చూశాయి. హక్కుగా పని అడిగే చోటు ఒకటి ఉండడం ఎంత అవసరమో ఆ నెలల్లో తెలిసింది. ఆ హక్కు వాడుకోవాలంటే మాత్రం మునిర్కా మనిషి ముందు మునిర్కా వదలాలి.

అద్దె గది, కౌలు చేను

కాగితం లేని అద్దెదారు కష్టం తెలుగు పాఠకులకు కొత్త కాదు, కౌలు రైతు రూపంలో మనకు బాగా తెలుసు. 2004లో రైతు ఆత్మహత్యల నేపథ్యంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వేసిన రైతు సంక్షేమ కమిషన్‌కు జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం ఆర్థికశాస్త్ర ఆచార్యురాలు జయతీ ఘోష్ అధ్యక్షత వహించారు. సాగు చేసే ప్రతివారినీ, కౌలుదార్లతో సహా, నమోదు చేయాలన్నది ఆ కమిషన్ గట్టిగా చెప్పిన విషయాల్లో ఒకటి. పంట రుణం, బీమా, నష్టపరిహారం అన్నీ పట్టాదారు పాస్‌పుస్తకం వెంట నడుస్తుంటే, నష్టం మాత్రం కౌలు రైతు మోస్తున్నాడు.

2011లో ఉమ్మడి రాష్ట్రం సాగుదారులకు గుర్తింపు కార్డులిచ్చే చట్టం చేసింది. దానికి యజమాని సంతకం అక్కర్లేదు, గ్రామసభలో విచారించి కార్డు ఇచ్చేవారు. 2019లో ఆంధ్రప్రదేశ్ తెచ్చిన కొత్త చట్టం భూయజమానితో ఒప్పందాన్ని తప్పనిసరి చేసింది. భూమి చేజారుతుందేమోనన్న భయంతో సంతకం పెట్టని యజమానులు ఎక్కువ, కార్డు దక్కని కౌలుదార్లు ఎక్కువ. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు పూర్తిగా పట్టాదారులకే వెళ్ళింది.

మునిర్కాలోనూ ఇదే ముడి. 2019 ఆగస్టు నుంచి ఢిల్లీలో నెలకు 200 యూనిట్ల లోపు కరెంటు ఉచితం. అద్దెదారుకు మీటరు యజమాని పేరు మీద ఉంటుంది కాబట్టి ఆ రాయితీ అందేది కాదు. ఆ సెప్టెంబరులో ప్రభుత్వం అద్దెదారుల కోసం ప్రత్యేక ప్రీపెయిడ్ మీటర్ల పథకం తెచ్చింది. యజమాని అంగీకార పత్రం అడగలేదు, మంచిదే. కాని అద్దె ఒప్పందమో, రసీదో చూపాలి. గ్రామసభలో పదిమంది చెప్పిన మాటను సాక్ష్యంగా తీసుకున్న 2011 నాటి పద్ధతి పట్నానికి ఇంకా రాలేదు. వీధిలో అందరికీ తెలిసిన మనిషిని ఆ వీధివాడని రాసుకోవడానికి అడ్డేమిటో ఏ ప్రభుత్వమూ చెప్పలేదు.

జీతగాళ్ళకు

నెలజీతం మీద ఉన్నవారికి కార్మిక రాజ్య బీమా సంస్థ 2018 జూలై నుంచి అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన నడుపుతోంది. ఉద్యోగం పోతే 90 రోజుల వరకు సగటు జీతంలో 25 శాతం. 2020లో దాన్ని 50 శాతానికి పెంచి, మార్చి 24 నుంచి వర్తింపజేశారు. భారతదేశంలో నిరుద్యోగ బీమా అనదగ్గది దాదాపు ఇదొక్కటే. నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉండి, యజమాని చందా కట్టి ఉంటేనే అర్హత. కాంట్రాక్టు ఏజెన్సీ తన పేరు చందా జాబితాలో రాసిందో లేదో తెలియని సెక్యూరిటీ గార్డుకు, జాబితా అన్నదే లేని ఇంటిపనిమనిషికి ఇది పేరుకే. భవిష్యనిధి నుంచి మూడు నెలల జీతం దాకా తీసుకోవచ్చని 2020లో అనుమతించారు గాని, అది ఎవరి ముసలితనం కోసం దాచుకున్న డబ్బు వారిదే. 2021 ఆగస్టు 26న మొదలైన ఈ-శ్రమ్ పోర్టల్లో అసంఘటిత కార్మికులు కోట్లలో నమోదయ్యారు. పేరు నమోదైంది, దాని వెంట వచ్చే భృతి మాత్రం లేదు.

పట్నంలో పని హామీ

ఉపాధి హామీ చట్టం స్థానంలో పార్లమెంటు 2025 డిసెంబరులో కొత్త చట్టం ఆమోదించింది. పనిదినాలు 125కు పెంచారు. కాని చాలా రాష్ట్రాలు ఖర్చులో 40 శాతం భరించాలి, వ్యవసాయ పనుల కాలంలో 60 రోజుల వరకు పనులు ఆపవచ్చు, కేంద్రం రాష్ట్రానికి ముందే లెక్కగట్టిన మొత్తం ఇస్తుంది. మాంద్యంలో రాష్ట్రాల పన్ను రాబడి పడిపోతుంది. సరిగ్గా అప్పుడే వాటా పెట్టాలంటే పని తగ్గుతుంది. అడిగితే పెరిగే ఖర్చు అన్న గుణం పోతే రోజుల సంఖ్య పెంచినా ప్రయోజనం తక్కువ. ఈ మార్పులో అన్నిటికన్నా ఆందోళన కలిగించేది ఇదే. కొత్త చట్టం కూడా పల్లెలకే.

పట్టణాల్లో కేరళ 2010లోనే అయ్యంకాళి పేరుతో పని హామీ మొదలుపెట్టింది. 2020లో హిమాచల్ ప్రదేశ్, ఒడిశా, జార్ఖండ్, ఆ తరవాత తమిళనాడు ఆ దారిలో నడిచాయి. రాజస్థాన్ 2022 సెప్టెంబరు 9న ఇందిరాగాంధీ పేరుతో పట్టణాల్లో ఇంటికి 100 రోజుల పని ప్రారంభించింది. 2020లోనే జాఁ ద్రేజ్ మరో నమూనా ప్రతిపాదించారు. ప్రభుత్వం బడులకు, ఆసుపత్రులకు, విశ్వవిద్యాలయాలకు పనిదినాల టికెట్లు ఇస్తుంది. ఆ సంస్థలు గోడలకు రంగు, మొక్కలు, మరమ్మతులు వంటి పనులు చేయించి టికెట్లు ఇస్తే, కూలి మాత్రం ప్రభుత్వం నేరుగా కార్మికుడి ఖాతాలో వేస్తుంది. విశ్వవిద్యాలయం, ఐఐటీ, ప్రభుత్వ బడులు నడిచి వెళ్ళే దూరంలో ఉన్న మునిర్కాకు ఇది బాగా సరిపోయే నమూనా.

ఢిల్లీ 2020 జూలైలో ఉద్యోగాల కోసం రోజ్‌గార్ బజార్ పోర్టల్ తెరిచింది. యజమానులను, పని వెతికేవారిని కలిపే వేదిక అది, పని హామీ కాదు. ఇక ముందు పట్టణ హామీ రాసేవారు రాజస్థాన్ నిబంధన ఒకటి గమనించాలి. అక్కడ పని అడగాలంటే కుటుంబానికి ఆ రాష్ట్రపు జన్ ఆధార్ కార్డు ఉండాలి. జైపూర్‌లో అద్దెకుంటూ హోటల్లో పనిచేసే బిహారీ కుర్రాడి దగ్గర అది ఉండదు.